ఆయిల్ పోయే తొవ్వ: మా అంబాసిడర్ ఇంజిన్‌ను రెండోసారి విప్పినప్పుడు

మా నాయన 1984లో కొన్న అంబాసిడర్ మార్క్-4 కారు ఇంజిన్‌ను రెండేళ్లలో రెండుసార్లు విప్పవలసి వచ్చింది. మొదటిసారి విప్పింది అది నలభై ఏళ్లు నడిచి అరిగిపోయినందుకు. రెండోసారి విప్పింది మొదటిసారి చేసిన పని నాలుగు వేల కిలోమీటర్లకే చెడిపోయినందుకు. ఆ రెండోసారి నల్లగొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో, మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు మేస్త్రీ పక్కన కూర్చుని ప్రతి భాగాన్నీ నేనే కడిగాను, నేనే కొలిచాను. పాత బండి ఇంజిన్‌ను బాగు చేయించుకునేవారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో, అప్పుడు ఆయిల్ విషయంలో చేసిన పనులను, వాటి కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినది. అంబాసిడర్‌లోకి ఇది 1959లో వచ్చింది. సామర్థ్యం 1489 సీసీ, సిలిండర్ వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే నాలుగు సిలిండర్ల క్రాంకును మూడే మెయిన్ బేరింగులు మోస్తాయి కాబట్టి ఒక్కొక్క బేరింగు మీద పడే బరువు ఎక్కువ. తర్వాతి కాలపు ఇంజిన్లలో ఇదే బరువును ఐదు బేరింగులు పంచుకుంటాయి. వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది, దాని మీద చదునైన ట్యాపెట్లు, వాటి మీద పుష్ రాడ్లు, పైన వాల్వులను నొక్కే రాకర్లు. ఆయిల్ పంపును కూడా క్యామ్ షాఫ్టే తిప్పుతుంది. నిర్మాణం సరళమైనదే, మొండిదే. అయితే ఆయిల్ అందే విషయంలో చూపే అశ్రద్ధను మాత్రం ఇది ఎక్కువ దూరం సహించదు.

మొదటిసారి పనిని ఒక వర్క్‌షాపుకు అప్పగించాము. సిలిండర్లకు బోరు వేశారు, కొత్త పిస్టన్లు, రింగులు వేశారు, క్రాంకును పది థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండింగ్ చేయించి కొత్త షెల్ బేరింగులు బిగించారు. మా కారులో మొదటి నుంచి ఆయిల్ దీపం ఒక్కటే ఉండేది కాబట్టి, అడిగి మరీ ప్రెషర్ మీటరు పెట్టించుకున్నాము. బండి తీసుకున్న రోజు చల్లటి ఇంజిన్ మీద ఆ మీటరు 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 80 పౌన్ల ఒత్తిడి) చూపింది. మా నాయన దాన్ని చూసి ఎంతో సంతోషించారు, నేనూ సంతోషించాను. ఇంజిన్ వేడెక్కిన తర్వాత ఐడ్లింగ్‌లో ముల్లు ఎనిమిదికి పడిపోతున్నదని గమనించినా, పైన అంత ఎక్కువ చూపుతున్నది కదా అని ఊరుకున్నాము. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కుతున్నప్పుడు కింద నుంచి మందమైన కొట్టుడు మొదలైన రోజున ఆ మీటరు 60 దగ్గరే ఉన్నది.

మేస్త్రీ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దింపి, మూడో సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగును, అంటే పిస్టన్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోటి బేరింగును, చేతిలో పెట్టినప్పుడు దాని మెత్తటి పై పొర మీద గోరుతో గీసినట్టు చారలు, ఆ చారల్లో కూరుకుపోయిన నల్లటి రేణువులు కనిపించాయి. బేరింగు పై పొరను మెత్తటి లోహంతో చేసేది సన్నని రేణువులను తనలో ఇముడ్చుకోవడానికే. రేణువులు మరీ ఎక్కువైనా, పెద్దవైనా ఆ పొర వాటిని పూర్తిగా మింగలేదు. అప్పుడవి సగం బయటికి పొడుచుకుని నిలబడి క్రాంకును కోస్తాయి. మాకు జరిగింది అదే. ఆయన ఇంకొక మాట కూడా అన్నారు: "మీటర్ జూసి మురవకుండ్రి సార్. ఆయిల్ పోయే తొవ్వ సాఫుగ లేకుంటే ముల్లు ఎంత సూపెట్టినా ఏం ఫాయిదా లేదు."

ఒత్తిడికీ, ఆయిల్ అందడానికీ ఉన్న తేడా మా జిల్లా బత్తాయి రైతులకు చెప్పవలసిన అవసరం లేదు. డ్రిప్పు పైపులో మోటారు తోసేది నీటిని మాత్రమే. ఒత్తిడి పుట్టేది ఆ నీటికి దారి ఇరుకైనందువల్ల. పైపు మధ్యలో మట్టి అడ్డుపడితే మోటారు దగ్గరి మీటరు ఎక్కువ చూపుతుంది, అయినా చివరి చెట్టు ఎండుతుంది. మధ్యలో నాలుగు డ్రిప్పర్లు ఊడిపోతే మీటరు తక్కువ చూపుతుంది, అప్పుడూ చివరి చెట్టు ఎండుతుంది. కాబట్టి ముల్లు ఎక్కడ నిలిచిందనే దానికంటే, అది అక్కడ నిలవడానికి కారణమేమిటనేది ముఖ్యం. ఇంజిన్‌లో మోటారు స్థానంలో ఆయిల్ పంపు, డ్రిప్పర్ల స్థానంలో బేరింగులలోని సందులు ఉంటాయి; చివరి చెట్టు రాకర్లను మోసే రాకర్ షాఫ్ట్.

క్రాంకు తిరుగుతున్నప్పుడు బేరింగును తాకకుండా ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర మోసే బలం పంపు ఇచ్చే 40, 50 పీఎస్ఐ నుంచి రాదు. జర్నల్, అంటే బేరింగులో తిరిగే క్రాంకు భాగం, తనతోపాటు ఆయిల్‌ను సన్నని సందులోకి లాక్కుపోవడం వల్ల, బరువు పడే చోట దానికి ఎన్నో రెట్ల ఒత్తిడి తనంతట తానే పుడుతుంది. పంపు చేయవలసిందల్లా ఆ సందును ఎప్పుడూ నిండుగా ఉంచడం. అందుకు సందు సరైన కొలతలో ఉండాలి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి సుమారు ఒక థౌ. మా మెయిన్ జర్నళ్లు దాదాపు రెండు అంగుళాలు కాబట్టి అత్యధికంగా రెండు థౌలు. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది: సన్నని సందులోంచి పక్కకు కారిపోయే ఆయిల్ ఆ సందు వెడల్పు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. సందు రెట్టింపయితే కారడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. ఒకటిన్నర రెట్లు అయినా మూడింతలు దాటుతుంది. ఒకే ఒక బేరింగు వదులైతే మిగిలినవన్నీ ఎందుకు ఆకలితో ఉంటాయో ఈ లెక్కతో నాకు స్పష్టమయింది.

క్రాంకు మీద చారలు పడ్డాయి కాబట్టి దాన్ని మరో పది థౌలు తగ్గించి, ఇరవై థౌల షెల్ బేరింగులు వేయవలసి వచ్చింది. గ్రైండింగ్ హైదరాబాదులోని ఆటోనగర్‌లో చేయించాము. ఈసారి షెల్ బేరింగులను ముందే కొని క్రాంకుతోపాటు తీసుకుపోయాము. పెట్టె మీద రాసిన కొలతకు గాక, చేతిలో ఉన్న బేరింగుకు సరిపోయేలా గ్రైండింగ్ చేయమని అడగడం వీలయింది. తిరిగి వచ్చిన క్రాంకు ప్రతి జర్నల్‌ను మైక్రోమీటరుతో నాలుగు చోట్ల కొలిచాను. రెండు చివరలా కొలిస్తే ఒక పక్కకు సన్నబడిందేమో తెలుస్తుంది. అడ్డంగా, నిలువుగా కొలిస్తే గుండ్రంగా ఉన్నదో కోడిగుడ్డు ఆకారంలో ఉన్నదో తెలుస్తుంది. తర్వాత ప్లాస్టిగేజ్ అనే సన్నని తీగ ముక్కను పొడిగా తుడిచిన జర్నల్ మీద పెట్టి, క్యాపును టార్క్ రెంచితో పూర్తిగా బిగించి, క్రాంకును ఏమాత్రం కదల్చకుండా మళ్లీ విప్పి, నలిగిన తీగ వెడల్పును కాగితపు కొలతతో పోల్చాను. మెయిన్ బేరింగులలో ఒకటిన్నర థౌ చొప్పున వచ్చింది. బిగ్ ఎండ్లలో మూడు సరిగానే ఉన్నా, నాలుగోది రెండున్నర చూపింది. ఆ షెల్లు మార్చి చూస్తే ఒకటిన్నరకు దిగింది. కొలవకుండా బిగించి ఉంటే ఆ లోపం మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

గ్రైండింగ్ తర్వాత క్రాంకు మీది ఆయిల్ రంధ్రాల అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని సన్నని రాయితో కొద్దిగా గుండ్రంగా చేయాలి. లేకపోతే ఆ అంచు మెత్తటి బేరింగును గీకుతుంది, ఆయిల్ పొరను కూడా తెంపుతుంది. ఇక ఆ రంధ్రాల లోపల ఉన్నదాన్ని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. మెయిన్ జర్నల్ నుంచి బిగ్ ఎండ్‌కు క్రాంకు లోపల ఏటవాలుగా తొలిచిన దారి ఉంటుంది. సన్నని బ్రష్షును అందులో ఒక కొస నుంచి దూర్చి తిప్పితే, మొదటిసారి గ్రైండింగ్ చేసినప్పటి రాయి పొడి పాత ఆయిల్‌తో కలిసి సిమెంటులా గట్టిపడినది బయటికి వచ్చింది. ఆ క్రాంకును పైపైన కిరోసిన్‌తో కడిగి బిగించారన్నమాట. ఇంజిన్ తిరిగిన మొదటి నిమిషం నుంచే ఆ పొడి నేరుగా బేరింగుల్లోకి చేరింది.

బ్లాకులో పరిస్థితి అంతకంటే భిన్నంగా లేదు. పొడవునా ఉన్న ప్రధాన గ్యాలరీ, అంటే పెద్ద ఆయిల్ దారి, రెండు చివరలనూ ఫ్యాక్టరీలో ప్లగ్గులతో మూసి ఉంచుతారు. మా బ్లాకులో ఆ ప్లగ్గుల మీద పాత పెయింటు చెక్కు చెదరలేదు, అంటే మొదటిసారి ఎవరూ వాటిని తీయనే లేదు. ప్లగ్గులు తీయకుండా గాలి కొట్టడం, రెండు కొసలా మూసిన పైపును ఊడ్చినట్టే అవుతుంది. మేస్త్రీ వాటిని జాగ్రత్తగా డ్రిల్లు చేసి తీశారు. తుపాకి గొట్టం తుడిచే బ్రష్షు వంటి పొడవాటి బ్రష్షుతో ప్రధాన గ్యాలరీని, అక్కడి నుంచి మెయిన్ బేరింగులకు, క్యామ్ బుష్షులకు, పైన హెడ్డుకు పోయే ప్రతి అడ్డదారినీ తోమాము. సిలిండర్ల గోడలను మాత్రం వేడి నీళ్లు, సబ్బుతోనే కడగాలి. గోడలను రాయితో రుద్దినప్పుడు పడే హోనింగ్ గీతల లోతుల్లో ఉన్న రాయి పొడిని కిరోసిన్ పైకి తేలేదు, సబ్బు నురగ తెస్తుంది. తెల్లటి పాత పంచె గుడ్డకు ఆయిల్ రాసి గోడను తుడిస్తే బూడిద రంగు అంటని వరకు కడుగుతూనే ఉండాలి. మాకు ఏడు గుడ్డలు పట్టాయి. కడిగిన వెంటనే గాలితో ఆరబెట్టి ఆయిల్ రాయకపోతే ఒక గంటలోనే తుప్పు పొర వస్తుంది.

క్యామ్ బుష్షులు మార్చేవారికి ఒక హెచ్చరిక. ఆ బుష్షులోని రంధ్రం బ్లాకులోని ఆయిల్ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. కొద్దిగా పక్కకు తిరిగినా దారి సగం మూసుకుపోతుంది. బుష్షు కొట్టిన తర్వాత సన్నని తీగను రంధ్రంలో దూర్చి చూసుకోవడానికి పట్టేది అరనిమిషం. హెడ్డు ప్యాకింగును కూడా అలాగే బ్లాకు మీద పరిచి, రాకర్లకు ఆయిల్ పోయే రంధ్రం దాని కింద కప్పుకుపోలేదని కళ్లారా చూసుకోవాలి.

ఈ ఇంజిన్‌లోని పంపు రోటరు రకానిది. లోపలి రోటరు, దాని చుట్టూ బయటి రోటరు తిరుగుతూ ఆయిల్‌ను పీల్చి తోస్తాయి. ఇందులో మూడు కొలతలు చూడాలి. రోటర్ల పై ముఖానికీ మూతకూ మధ్య ఐదు థౌలు, రెండు రోటర్ల పళ్ల మధ్య ఆరు థౌలు, బయటి రోటరుకూ బాడీకీ మధ్య పది థౌలు దాటకూడదు. మొదటి కొలతే అన్నిటికంటే ముఖ్యం. పంపు లోపల ఆయిల్ వెనక్కి జారిపోయేది ఎక్కువగా అక్కడి నుంచే. మాది ఏడు థౌలు ఉన్నది. డోవెల్ పిన్నులు తీసి, మందపాటి అద్దం మీద సన్నని ఎమెరీ కాగితం పరిచి, ఆయిల్ వేసి, పంపు బాడీ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ, మధ్య మధ్యలో సందును కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజ్ పెట్టి చూస్తూ మూడు థౌలకు తెచ్చాము. మూత లోపలి ముఖం మీద రోటర్లు వేసిన గుండ్రటి చారను కూడా అదే అద్దం మీద పోగొట్టాము. దీనికి ఒక మధ్యాహ్నం పట్టింది, కాగితం ఖర్చు తప్ప మరేమీ కాలేదు. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు పనికివచ్చే మెరుగుదల అంటూ ఏదైనా ఉంటే అది ఇదేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే పంపు నెమ్మదిగా తిరిగేటప్పుడే లోపలి కారుడు దాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. పంపులో అమర్చే జాలీని పెట్రోలులో నానబెట్టి, దాని మీద చీలిన ప్యాకింగు ముక్కలు ఏమీ లేవని చూసి పెట్టాలి.

ఒత్తిడి మించినప్పుడు తెరుచుకుని ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు దగ్గరికి వచ్చేసరికి మా మీటరు 80 చూపడానికి కారణం దొరికింది. డోమ్ నట్టు విప్పితే స్ప్రింగు వెనుక రెండు వైసర్లు వరుసగా పెట్టి ఉన్నాయి. స్ప్రింగును అలా బిగిస్తే వాల్వు మరింత ఎక్కువ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది, అంతకు మించి దాని వల్ల ఏమీ జరగదు. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఒత్తిడి తగ్గినప్పుడు ఆ వాల్వు ఎలాగూ మూసుకునే ఉంటుంది కాబట్టి స్ప్రింగు ఎంత గట్టిదైనా అక్కడ ఒక్క పీఎస్ఐ కూడా పెరగదు. పైగా చల్లటి చిక్కటి ఆయిల్‌ను అంత ఒత్తిడితో తోయడం వల్ల పంపును తిప్పే పళ్ల మీద, ఫిల్టరు గిన్నె ప్యాకింగు మీద అనవసరపు బరువు పడుతుంది. వైసర్లు తీసివేశాము. వాల్వు కప్పు కూర్చునే సీటు మీద చిన్న మచ్చ ఉంటే ఆయిల్ ఎప్పుడూ కొంత జారిపోతూనే ఉంటుంది. అందుకే కప్పుకు సన్నని గ్రైండింగ్ పేస్టు రాసి సీటు మీద తిప్పి, గుండ్రటి గీత పూర్తిగా పడేదాకా కూర్చోబెట్టాము. ఆ పేస్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా మళ్లీ కడిగామని చెప్పనవసరం లేదు.

ఫిల్టరు గిన్నెలో మరో లోపం బయటపడింది. ఈ రకం ఫిల్టరులో ఎలిమెంటు కింద స్ప్రింగు, దాని మీద వైసరు, ఆ పైన ఫెల్టు వైసరు ఉంటాయి. మధ్య బోల్టు చుట్టూ ఆయిల్ జారకుండా అడ్డుకునేది ఆ ఫెల్టు వైసరే. అది మా గిన్నెలో లేదు. పాత ఎలిమెంటుతోపాటు చెత్తలోకి పోయి ఉంటుంది. అది లేకపోతే ఆయిల్ సులభమైన దారి చూసుకుని ఎలిమెంటును దాటకుండానే గ్యాలరీలోకి పోతుంది. కొత్త ఫిల్టరు ఎంత మంచిదైనా అలంకారానికే మిగులుతుంది. క్రాంకులో మిగిలిన పొడికి ఈ లోపం తోడైంది. రెండు రూపాయల ముక్క లేనందుకు ఒక క్రాంకు పది థౌలు పోగొట్టుకున్నది. గిన్నె పై అంచులోని రబ్బరు రింగును కూడా పాతది పూర్తిగా పెకలించి కొత్తది వేయాలి. పాతదాని మీదే కొత్తది పెట్టి బిగించిన బండ్లు దారిలో ఆయిలంతా కక్కుకుంటాయి.

రాకర్ షాఫ్టును చాలామంది బయట నుంచి తుడిచి సరిపెట్టుకుంటారు. అది బోలుగా ఉంటుంది, దాని గుండానే ఆయిల్ ఎనిమిది రాకర్లకు చేరుతుంది. చివరి ప్లగ్గు తీసి చూస్తే లోపల సగం మడ్డితో నిండి ఉన్నది. షాఫ్టు అడుగు వైపు, రాకర్లు బరువు మోపే చోట గోటికి తగిలే పల్లం పడి ఉన్నది. షాఫ్టు, బుష్షులు అరిగితే ట్యాపెట్ల చప్పుడు రావడం ఒక్కటే సమస్య కాదు. అక్కడి నుంచి వృథాగా కారే ఆయిల్ మొత్తం గ్యాలరీ ఒత్తిడిని తగ్గిస్తుంది, వాల్వు గైడ్ల మీద ఎక్కువ పడి పొగ కూడా తెస్తుంది. కొత్త షాఫ్టు వేసి, బుష్షులు మార్చి రీమర్‌తో సరిచేయించాము.

ఇక ఏ ఆయిల్ పోయాలనే ప్రశ్న. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, తెల్లవారుజామున గడ్డకట్టే చలి మాత్రం మనకు ఎన్నడూ లేదు. అందువల్ల చలిలో పలచగా పారే 5డబ్ల్యూ, 0డబ్ల్యూ ఆయిళ్లతో మనకు పని లేదు. నూరు డిగ్రీల వేడి దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉంటుంది, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. మూడు బేరింగుల పాత ఇంజిన్‌కు, మన ఎండకు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరైనదని నా నిర్ణయం. సందులను సరిచేయకుండా ఇంకా చిక్కటి ఆయిల్ పోసి ముల్లును పైకి లేపడం మాత్రం స్ప్రింగు వెనుక వైసర్లు పెట్టడం వంటిదే.

చిక్కదనం ఒక్కటే చూస్తే సరిపోదు. ఈ ఇంజిన్‌లో క్యామ్ మీద ట్యాపెట్ దొర్లదు, రాసుకుంటూ జారుతుంది. గీతంత సన్నని చోట వాల్వు స్ప్రింగు బలమంతా పడుతుంది కాబట్టి అక్కడ ఆయిల్ పొర నిలవడం కష్టం. జడ్‌డీడీపీ అనే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం వేడికి, ఒత్తిడికి లోహం మీద ఒక రక్షణ పూతగా ఏర్పడి ఆ చోటును కాపాడుతుంది. ఫాస్ఫరస్ కొత్త బండ్ల పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎం ప్రమాణం నుంచి పలచటి గ్రేడ్లలో దాన్ని 0.08 శాతానికి మించకుండా పరిమితం చేశారు. ఆ పరిమితి 5డబ్ల్యూ-30 వంటి గ్రేడ్లకు వర్తిస్తుంది, 20డబ్ల్యూ-50కి వర్తించదు. అయినా డబ్బా మీద గ్రేడు ఒక్కటే చూసి కొనకుండా, ఆ కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో జింకు ఎంతో చదివి కొనడం మంచిది. సుమారు 0.1 నుంచి 0.12 శాతం ఉంటే ఈ ట్యాపెట్లకు చాలు. విడిగా సీసాల్లో అమ్మే మందులు కలపడం నాకు ఇష్టం లేదు. మోతాదు మించితే అది కూడా అరుగుదలను పెంచుతుంది.

ఆయిల్ కూలర్ పెట్టమని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. మేము పెట్టలేదు. అదనపు పైపులు, అదనపు జాయింట్లు అంటే కారడానికి అదనపు అవకాశాలు. ఊరిలో తిరిగే బండిలో ఆయిల్ తగినంత వేడెక్కకపోతే దానిలో చేరిన నీటి ఆవిరి బయటికి పోక మడ్డి కడుతుంది. వేడి సమస్య అసలు మూలం మా బండిలో నీళ్ల జాకెట్టులో ఉన్నది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసినందువల్ల బ్లాకు వెనుక భాగంలో సున్నపు పొర గట్టిగా పేరుకుపోయింది. బ్లాకులో నీళ్ల జాకెట్టు రంధ్రాలను మూసే వెల్చ్ ప్లగ్గులు తీసి దాన్ని పూర్తిగా గీకించి, రేడియేటరును కడిగించి, డిస్టిల్డ్ వాటరుతో కూలెంట్ కలిపి పోసిన తర్వాత ఆయిల్‌ను విడిగా చల్లబరచవలసిన అవసరం రాలేదు.

క్రాంకు వెనుక భాగంలో ఈ ఇంజిన్‌కు రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీదనే కోసిన మర వంటి గాడి, తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ మర ఓడిపోయి క్లచ్ వైపు ఆయిల్ కారుతుంది. కాబట్టి లోపలి గాలిని బయటికి వదిలే బ్రీతర్ పైపులను, వాటి జాలీలను శుభ్రంగా ఉంచడం కూడా ఆయిల్ పనిలో భాగమే.

బిగింపు పూర్తయ్యాక ఇంజిన్‌ను పొడిగా తిప్పకూడదు. ఈ పంపును డ్రిల్లు మిషనుతో బయట నుంచి తిప్పే వీలు లేదు. బిగించే ముందే పంపులో వాసలిన్ నింపాము; అది లేకపోతే పంపు మొదట గాలినే తిప్పుతుంది. తర్వాత పత్తి చేలలో మందు కొట్టే చేతిపంపు స్ప్రేయరు కొత్తది ఒకటి కొన్నాము. ఒకసారైనా మందు పోసినదాన్ని ఈ పనికి వాడకూడదు. ఎండలో గంటసేపు పెట్టి పలచబడిన ఆయిల్‌ను అందులో పోసి, దాని పైపును మీటరు తగిలించే రంధ్రానికి బిగించి, గాలి కొట్టాము. స్పార్క్ ప్లగ్గులు తీసి ఉంచి, అంబాసిడర్‌తో వచ్చిన హ్యాండిల్‌తో నేను క్రాంకును నెమ్మదిగా తిప్పుతూ ఉన్నాను, ఎందుకంటే క్రాంకులోని రంధ్రాలు బ్లాకు రంధ్రాలకు ఎదురుగా వచ్చినప్పుడే ఆయిల్ ముందుకు పోతుంది. పది నిమిషాలకు మొదటి రాకరు కింద నుంచి ఒక చుక్క మెరిసింది. ఆ తర్వాత ఒకటొకటిగా ఎనిమిదింటి నుంచీ ఆయిల్ ఊరింది. చివరి చెట్టుకు నీళ్లు అందాయని మా నాయన అన్నారు.

క్యామ్‌కు, ట్యాపెట్లకు మాలిబ్డినం పేస్టు దట్టంగా పూసి ఉంచాము. సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకున్న వెంటనే ఐడ్లింగ్‌లో వదలకుండా, ఇగ్నిషన్‌కు తిరుగుడు వేగం చూపే మీటరు తగిలించి 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాము. క్యామ్‌కు ఆయిల్ ఎక్కువగా చేరేది క్రాంకు చిమ్మడం వల్లే. ఐడ్లింగ్‌లో ఆ చిమ్ముడు చాలదు, కొత్త ట్యాపెట్ల ముఖాలు మొదటి నిమిషాల్లోనే దెబ్బతింటాయి. ఆ ఆయిల్‌ను అదే సాయంత్రం దించివేశాము. తర్వాత 500 కిలోమీటర్లకు ఒకసారి, 1500కు ఒకసారి ఆయిల్, ఎలిమెంటు మార్చాము. తీసిన ప్రతి ఎలిమెంటును కత్తిరించి, మడతలను తెల్ల కాగితం మీద విప్పి, అయస్కాంతం తిప్పి చూశాను. మొదటిదానిలో ఇనుప రజను, ప్యాకింగు గమ్ము ముక్కలు కొన్ని కనిపించాయి. రెండోదానిలో చాలా తగ్గాయి.

ఇప్పుడు చల్లటి ఇంజిన్ మీద మీటరు 60 దాటదు. వేడెక్కిన తర్వాత గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 48, ఐడ్లింగ్‌లో 18 దగ్గర నిలుస్తుంది. మొదటిసారి చూపిన 80 కంటే ఈ 18 విలువైనదని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన మే నెలలో మిట్టమధ్యాహ్నం తిప్పర్తి మీదుగా మిర్యాలగూడకు వెళ్లి మేస్త్రీ ఇంటి ముందు బండి ఆపాము. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి, లోపల రాకర్ల మీద కదులుతున్న ఆయిల్‌ను కాసేపు చూసి, మూత బిగించి, చేతులు తుడుచుకుని మమ్మల్ని లోపలికి భోజనానికి పిలిచారు. ఆ రోజుకు ఈ ఇంజిన్ 6,200 కిలోమీటర్లు నడిచింది.